వెలుతురు ఖర్చు ఎవరి పద్దులో?

ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చీరలు, పచ్చళ్లు, కారప్పొడులు, మగ్గం వర్కు జాకెట్లు, మట్టి నగలు, పుట్టినరోజు కేకులు. వీళ్లకి దుకాణం లేదు, బోర్డు లేదు. వాట్సాప్‌లో పెట్టే ఫొటోయే దుకాణం, ఆ ఫొటోయే బోర్డు.

ఆ ఫొటో దగ్గరే చిక్కంతా వస్తుంది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక, హాల్లో ట్యూబ్‌లైటు కింద, సోఫా మీద చీర పరిచి ఫొటో తీస్తారు. ఫొటోలో వంకాయ రంగు కనిపిస్తుంది. పార్సిల్ విప్పితే నేరేడు రంగు. కొన్నావిడకి కోపం, అమ్మినావిడకి అవమానం. వెనక్కి పంపే కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలని రెండు రోజులు మెసేజులు. చీర మంచిదే, ఇద్దరూ మంచివాళ్లే. మధ్యలో వెలుతురు అబద్ధం చెప్పింది, అంతే.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటే: "ఒక లైటు కొనుక్కోవమ్మా." గుండ్రటి రింగు లైటు, దానికో స్టాండు, ఇంకొంచెం ముందుకెళితే గొడుగులున్న స్టూడియో లైట్లు. వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది. అక్కడ ఇంట్లో ఇంకో మాట మొదలవుతుంది. "నువ్వు నెలకి అమ్మేదెంత, దానికి లైటా?" అని. సగం మంది ఆడవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఇంకో సగం మంది పోపులడబ్బాలోంచి తీసి కొంటారు, కొన్నాక కూడా చీర రంగు సరిగ్గా రాదు.

నేను చెప్పదలచుకున్నది రెండు మాటలు. మొదటిది, వెలుతురుని ముందు ఇంట్లో ఉన్నవాటితో మనమే చేసుకోవాలి. రెండోది, అలా చేసుకున్నందుకు మన పని చవకైపోకూడదు. ఈ రెండో మాట ఎవరూ చెప్పరు, అందుకే ఇంత రాస్తున్నాను.

కరెంటు రాకముందు గోడకి తగిలించే లాంతర్లు ఎవరైనా చూశారా? మంట వెనక ఒక రేకు పళ్లెం ఉండేది, కొన్నింటికి అద్దం. గోడ వైపు పోయే వెలుగుని ఆ రేకు గదిలోకి తిప్పి పంపేది. ఒక్క వత్తితో ఇద్దరు పిల్లలు చదువుకునేవారు. చిమ్నీని రోజూ సాయంత్రం బూడిదతో తోమి తుడవడం ఇంటి ఆడవాళ్ల పని. మసి పడితే వెలుగు ఎంత తగ్గుతుందో వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. వెలుగుని పొదుపుగా వాడటం మన ఇళ్లలో పాత విద్యే. ఇప్పుడు దానికి రిఫ్లెక్టరు అని పేరు పెట్టి అమ్ముతున్నారు.

ముందు కిటికీ సంగతి చెప్పుకుందాం. ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదే మీ స్టూడియో. రోజులో ఎక్కువ సేపు ఎండ నేరుగా పడదు కాబట్టి వెలుతురు ఒకేలా వస్తుంది. ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే, సాయంత్రం పూట ఏటవాలు ఎండ కొంచెం తగులుతుంది. అప్పుడొక పల్చటి తెల్ల పంచె కర్టెన్ రాడ్డుకి వేలాడదీయండి చాలు. కిటికీకి ఎదురుగా కాకుండా, కిటికీ మీ వస్తువుకి పక్కన ఉండేలా బల్ల వేసుకోండి. రెండో పక్క చీకటిగా ఉంటే అటు తెల్ల చార్టు నిలబెట్టండి. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేయండి. పగటి వెలుగులో నీలం పాలెక్కువ, పసుపు బల్బులో ఎరుపు పాలెక్కువ. రెండూ కలిస్తే చీర సగం ఒక రంగు, సగం ఇంకో రంగు చూపిస్తుంది, ఫోను దేన్ని తెలుపు అనుకోవాలో తెలీక తికమక పడుతుంది.

కానీ మన పని పగలే తెమిలితే ఇంకేం? పగలంతా వంట, స్కూలు బాక్సులు, అత్తగారి మందులు. అమ్మకం పని చేతికొచ్చేది రాత్రి తొమ్మిదింటికి. కిటికీ లేని ఇళ్లు, పక్క గోడకి మూడడుగుల దూరంలో కిటికీ ఉన్న అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. అందుకే రాత్రి వెలుతురు కావాలి.

నేను చేసుకున్న దాని లెక్క ఇది. రెండు బల్బు హోల్డర్లు, వైరు, ప్లగ్గులు కలిపి 180 రూపాయలు. 12 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, 220. థర్మకోల్ షీట్లు రెండు, 80. తెల్ల చార్టులు రెండు, 30. కేకుల సామాను కొట్లో దొరికే బటర్ పేపర్ చుట్ట, 60. మొత్తం 570 రూపాయలు. ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మిగతావన్నీ ఇంట్లోవే: మిక్సీ వచ్చిన అట్టపెట్టె, బట్టలారేసే స్టాండు, పాత తెల్ల పంచె, పిల్లల జిగురు, కత్తెర.

చిన్న వస్తువులకి అట్టపెట్టె. దాన్ని మూత ముందుకి వచ్చేలా పడుకోబెట్టి, రెండు పక్కలా, పైనా పెద్ద కిటికీలు కోసి బటర్ పేపర్ అంటించండి. లోపల చార్టుని వెనక గోడ పైనుంచి కిందికి వంపుగా జార్చండి. మడత పడకూడదు, మడత పడితే ఫొటోలో గీత వస్తుంది. బల్బులు పెట్టె బయట, పక్క కిటికీలకి జానెడు దూరంలో. నగలు, పొడుల ప్యాకెట్లు, కొవ్వొత్తులు దీంట్లో చక్కగా వస్తాయి.

చీరలకి పెట్టె చాలదు. బట్టలారేసే స్టాండుకి పంచెని గట్టిగా లాగి క్లిప్పులు పెట్టండి. బల్బులు దాని వెనక, చీర ముందు. చీరకి రెండో పక్క థర్మకోల్ షీటు నిలబెట్టండి, పడిపోకుండా నీళ్ల సీసా ఆనించండి. ఇంతే. ఇందులో రహస్యం ఒక్కటే. బల్బు అంగుళాల్లో ఉంటే నీడ కత్తిలా పడుతుంది. అదే వెలుగు మీటరు వెడల్పు గుడ్డ మీద పరుచుకుని వస్తే నీడ అంచులు కరిగిపోతాయి. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే, వస్తువుకి ఎంత దగ్గరైతే, నీడ అంత మెత్తన. కొన్న లైటుకి ముందు తగిలించే తెల్లటి సంచి చేసేది కూడా ఈ పంచె చేసే పనే.

ఇంకో సంగతి తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. చిన్న బల్బుని వస్తువుకి అడుగు దూరం నుంచి రెండడుగుల దూరానికి జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే వెలుతురు చాలట్లేదు అనిపించినప్పుడు ఇంకో లైటు కొనే ముందు, ఉన్నదాన్ని దగ్గరికి జరపాలి. సగం ఇళ్లలో చాలని లైట్లు నిజానికి దూరంగా ఉన్న లైట్లు.

రంగు సంగతి అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మనం అమ్మేది రంగునే. బల్బు డబ్బా మీద 2700 కె, 3000 కె అని ఉంటే పసుపు వెలుగు. 6500 కె అని ఉంటే పగటి వెలుగు లాంటి తెలుపు. రెండు బల్బులూ ఒకే కంపెనీవి, ఒకే అంకెవి తీసుకోండి. డబ్బా మీద సీఆర్ఐ అని ఇంకో అంకె కూడా ఉండొచ్చు. అది రంగుల్ని ఆ బల్బు ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పేది. మామూలు బల్బులకి 80 ఉంటుంది, 90 పైన ఉంటే మేలు. తక్కువైతే ముందు దెబ్బ తినేది ఎరుపు. కుంకుమ రంగు, మెరూను పట్టుచీరలు చచ్చిపోయినట్టు కనిపించేది అందుకే. డబ్బా మీద ఈ అంకె లేకపోతే కొట్టువాణ్ణి అడగండి. ఆడవాళ్లు సీఆర్ఐ అడిగితే వింతగా చూస్తారు, చూడనివ్వండి. అలాగే కొనేముందు వెలిగించమని చెప్పి ఫోను కెమెరా బల్బుకి దగ్గరగా పెట్టండి. తెర మీద నల్లటి చారలు కదులుతుంటే ఇంకో రకం తీయమనండి. మన కరెంటుకి లైటు సెకనుకి వంద సార్లు కొట్టుకుంటుంది. మంచి బల్బు ఆ కొట్టుకోవడాన్ని దాస్తుంది, నాసిది వీడియోలో బయటపెడుతుంది.

కొన్న లైటు అన్నిటికీ మంచిదని కూడా అనుకోకండి. రింగు లైటుని ఎక్కువగా వాడేది ముఖం కోసం. దాన్ని పచ్చడి సీసా ముందు పెడితే గాజు మీద తెల్లటి చక్రం కూర్చుంటుంది, కళ్లజోడు పెట్టుకున్నవాళ్ల కళ్లలోనూ అదే చక్రం. జరీ మీద ఎదురుగా వెలుగు కొడితే నేత అంతా చదునైపోతుంది. జరీ అందం వెలుగు పక్కనుంచి ఏటవాలుగా వచ్చినప్పుడే లేస్తుంది. వెండి, బంగారు పూత వస్తువులైతే అద్దంతో సమానం, ఎదురుగా ఏముందో అదే చూపిస్తాయి. ఎదురుగా తెల్ల గుడ్డ ఉంటే తెల్లగా మెరుస్తాయి, అంచులు కనబడాలంటే పక్కన నల్ల చార్టు ముక్క ఒకటి పెట్టాలి. ఆవకాయకి వెలుగు వెనక పక్కనుంచి రావాలి. అప్పుడే నూనె తళుక్కుమంటుంది, చూసేవాళ్ల నోట్లో నీళ్లూరతాయి. ఇవన్నీ పంచె, చార్టు అటూ ఇటూ జరిపితే వచ్చేవే. స్టాండుకి బిగించిన చక్రం ఇలా ఒదగదు.

ఇదంతా లేనివాళ్ల సర్దుబాటు అని చిన్నబుచ్చుకునేవాళ్ల కోసం ఒక మాట. సత్యజిత్ రే 'అపరాజితో' 1956లో వచ్చింది. కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేశారు. ఆకాశం నుంచి దిగే నీడలేని వెలుగు స్టూడియోలో ఎక్కడిది? కెమెరామన్ సుబ్రత మిత్ర ముంగిలి పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లని కింది నుంచి దాని మీదికి కొట్టించి, తిరిగి వచ్చిన వెలుగుతో తీశారు. మన 'మాయాబజార్' 1957 నాటిది. అందులో వెన్నెలని చూసి ఇప్పటికీ మురిసిపోతాం. అది మార్కస్ బార్ట్లే తయారుచేసిన వెన్నెల, చంద్రుడు ఇచ్చింది కాదు. పెద్దవాళ్లు గుడ్డ కట్టుకుంటే కళ, మనం కట్టుకుంటే పిసినారితనం ఎలా అవుతుంది?

జాగ్రత్తలు చెప్పకుండా ఈ విషయం ముగించకూడదు. ఇంటి దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలతాయని సామెత ఉండనే ఉంది. పాత పిన్ను బల్బులు, హాలోజన్ లైట్లు ఈ పనికి వద్దే వద్దు. అవి తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే వదులుతాయి, కాగితం అంటుకుంటుంది. ఎల్ఈడీ చల్లగా ఉంటుందనుకున్నా దాని మొదలు వేడెక్కుతుంది, కాబట్టి కాగితానికి, గుడ్డకి, థర్మకోల్‌కి జానెడు దూరం తప్పనిసరి. బల్బుని పెట్టె లోపల బిగించకండి. థర్మకోల్ వేడికి కరుగుతుంది, అంటుకుంటే నల్లటి విషపు పొగ. వైరు అతుకులు మీకు చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి, ఆ యాభయ్యో వందో దండగ కాదు. వంటింటి తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు. వైరు నడిచే దారికి అడ్డంగా వేయొద్దు. పని కాగానే స్విచ్చి కట్టి ప్లగ్గు కూడా పీకేయండి. వీడియోలు చూసి పాత కెమెరా ఫ్లాషులు విప్పే సాహసం మాత్రం ఎవరూ చేయకండి. వాటి లోపలి కెపాసిటర్ బ్యాటరీ తీసేసిన తర్వాత కూడా మూడొందల ఓల్టుల దాకా దాచుకుని ఉంటుంది.

ఇప్పుడు రెండో మాటకి వస్తాను.

ఇంట్లో ఇలాంటిది ఏదైనా తయారుచేస్తే మెచ్చుకోలు ఒకటి వస్తుంది. "చూశారా, మా ఆవిడ ఐదొందల్లో లాగించేసింది!" అని. విన్నప్పుడు బాగానే ఉంటుంది. ఆ మెచ్చుకోలులోనే ఒక మెలిక ఉంది. బండి సర్వీసింగుకి అయ్యే ఖర్చు అవసరం పద్దులోకి పోతుంది. పిల్లాడి క్రికెట్ బ్యాటు సరదా పద్దులోకి పోయినా దాని గురించి ఎవరూ అడగరు. ఆవిడ లైటు మాత్రం దుబారా పద్దు. ఆవిడ సర్దుకుంటే తెలివైనది, అడిగితే సోకు. ఒకసారి పంచెతో సర్దుకున్న మనిషి జీవితమంతా పంచెతోనే సర్దుకోవాలని ఇల్లు తీర్మానం చేసేస్తుంది. పెళ్లయిన కొత్తల్లో పాత చీరతో దిండు గలీబు కుట్టిన పాపానికి ఇరవయ్యేళ్లు కొత్త గలీబు ఎరగని ఇల్లాళ్లు నాకు తెలుసు.

అందుకని చవకగా చేసుకోవడానికీ, చవకైపోవడానికీ మధ్య గీత మనమే గీసుకోవాలి. పంచె కట్టడానికి, విప్పడానికి, సోఫా జరపడానికి రోజూ అరగంట పడుతుంది. నెలకి పదిహేను గంటలు. ఆ పదిహేను గంటల్ని ఇంట్లో ఎవరూ లెక్క వేయరు, ఆడవాళ్ల టైము ఉచితం అని అందరికీ అలవాటు. మన పొదుపు లెక్కలో 570 రూపాయలు రాస్తే సరిపోదు, ఈ గంటలు కూడా రాయాలి. నోట్‌బుక్కులో ఒక పేజీ పెట్టుకోండి. ఆర్డర్లు ఎన్ని, రంగు తేడా అని వెనక్కి వచ్చినవి ఎన్ని, ఫొటోలకి పట్టిన టైము ఎంత. మూడు నెలలు రాస్తే మీకే తెలుస్తుంది, ఇంకా పంచె సరిపోతుందా, మంచి లైటు కొనే వేళ అయిందా అని.

వేళ అయితే కొనండి. నేను కొనొద్దని ఎక్కడా చెప్పట్లేదు. ముందే కొనొద్దు అంటున్నాను. ముందు చేసుకున్నావిడకి తనకి ఏం కావాలో తెలుస్తుంది. పక్కనుంచి వెలుగు కావాలా, పైనుంచి కావాలా, ఎంత వెడల్పు, ఏ తెలుపు. కొట్లోకి వెళ్లి అది మాత్రమే అడుగుతుంది. తెలీకుండా కొన్నావిడకి అమ్మేవాడు చెప్పిందే వేదం, ఆ స్టాండు ఆర్నెల్లకి అటక ఎక్కుతుంది. అప్పుడు "నీకప్పుడే చెప్పాను" అనే మాట ఇంకోటి వినాలి. కొన్నది మీ అమ్మకం డబ్బుతో కొనండి, బిల్లు మీ పేరు మీద తీసుకోండి. ఖర్చు మీ పని పద్దులో పడాలి. ఇంట్లో వాళ్లు ఇచ్చిన కానుకగా అది మిగిలిపోకూడదు.

ఇది అమ్ముకునేవాళ్లకి మాత్రమే పనికొచ్చే విద్య కాదు. మనుషుల ఫొటోలకి కూడా ఇదే పంచె, ఇదే చార్టు. అయితే అక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆడపిల్లని లైటు ముందు కూర్చోబెట్టి తెల్లగా వచ్చేదాకా వెలుగు పెంచే అలవాటు మన ఇళ్లలో ఉంది, ముఖ్యంగా పెళ్లిచూపులకి పంపే ఫొటోలకి. చీర రంగు మారిస్తే మోసం అంటాం కదా, పిల్ల ముఖం రంగు మారిస్తే దాన్నేమనాలి? చామనఛాయ ముఖానికి పక్కనుంచి మెత్తటి వెలుగు పడితే బుగ్గ ఎత్తు, కంటి మెరుపు ఎంత అందంగా వస్తాయో ఒకసారి తీసి ఆ పిల్లకే చూపించండి. ఉన్న రంగుని ఉన్నట్టు చూపించే వెలుగే మంచి వెలుగు, పట్టుచీరకైనా, పిల్లకైనా.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం పెట్టేదీ మనమే, ఇల్లు చక్కబెట్టేదీ మనమే. ఆ దీపానికి అయిన ఖర్చు, దాని కింద మనం కూర్చున్న గంటలు, రెండూ ఇక నుంచి ఇంటి లెక్కల్లో కనిపించాలి. అట్టపెట్టె అటక మీద ఉంటుంది, దింపండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి, సైన్సు పాఠంలో చదివిన వెలుగు చేతికి అందుతుంది. మీరు తీసిన మొదటి ఫొటో పక్కన అసలు చీరని పెట్టి చూడండి. రెండూ ఒకే రంగులో ఉంటే, ఆ రోజు నుంచి ధర చెప్పేటప్పుడు మీ గొంతు తగ్గించక్కర్లేదు.